ఎవరి పొలం ఎవరు అమ్మారు?

ఈ మాటలు మాట్లాడుకున్న ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. బాబాయి గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అన్నగారి కూతురు పెన్సిల్వేనియాలో, లీహై లోయలో కాపురముంటూ కాలేజీలో చరిత్ర చెబుతుంది. అమెరికా ఇంకా ఇంగ్లండు చేతికింద ఉన్న రోజుల్లో సాగుభూమి ఎలా చేతులు మారిందన్న విషయంలో ఇద్దరికీ పొసగదు. వాదన తెగలేదు గనుక ఇద్దరి మాటా ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

బాబాయి: ముందు ఒక్క మాట ఒప్పుకో అమ్మా. ఆ రోజుల్లో ఇంగ్లండులో కౌలుకు దున్నే రైతు సొంతంగా పొలం కొనడమన్నది దాదాపు జరగని పని. పెద్ద పెద్ద ఎస్టేట్లన్నీ పెద్దకొడుక్కి తప్ప మరొకరికి పోకుండా కట్టడి చేసి పెట్టుకున్నారు. అలాంటి చోటునుంచి వచ్చినవాడికి అమెరికాలో ఏం దొరికింది? వర్జీనియాలో 1618 నుంచి తలకు 50 ఎకరాలు. 1681లో విలియం పెన్‌కు రాజు పెన్సిల్వేనియా రాసిస్తే ఆయన 100 పౌన్లకు 5,000 ఎకరాల లెక్కన అమ్మకానికి పెట్టాడు. పౌనుకు 50 ఎకరాలు! నాలుగైదేళ్లలో దాదాపు 600 మంది 7 లక్షల ఎకరాల పైచిలుకు కొన్నారు. అందులో దుకాణదార్లున్నారు, చేతిపని చేసుకునేవాళ్లున్నారు. సామాన్యుడి చేతికి ఇంత భూమి, ఇంత తేలిగ్గా, అంతకుముందు ఎక్కడైనా వచ్చిందా?

అమ్మాయి: తలకు 50 ఎకరాలన్నారు. తల ఎవరిది, ఎకరాలు ఎవరివి బాబాయ్? ఓడ ఖర్చు ఎవరు పెట్టుకుంటే ఎకరాలు వాళ్లవి. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాడు నాలుగేళ్లో ఏడేళ్లో చాకిరీ చేస్తానని ఒప్పందం రాసి ఓడెక్కితే, వాడి తల మీద వచ్చిన 50 ఎకరాలు వాణ్ణి తెప్పించుకున్న దొరకి పోతాయి. ఆ హక్కు చీటీలను కొన్నారు, అమ్మారు. ఒకే మనిషిని చూపించి ఓడ కెప్టెను ఒకసారి, యజమాని ఒకసారి భూమి రాయించుకోవడం కూడా జరిగింది. 1699 దాకా ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చినవాళ్ల తలలూ ఆ లెక్కలోకి వచ్చాయి. మనిషిని బానిసను చేసినందుకు పైగా 50 ఎకరాల బహుమానం!

బాబాయి: ఆంటొనీ జాన్సన్ సంగతి నువ్వే చెప్పావు కదా నాకు. 1621లో ఆఫ్రికా నుంచి వచ్చి, చాకిరీలోంచి బయటపడి, పెళ్లి చేసుకుని, 1651లో ఐదు తలల లెక్కన 250 ఎకరాలు తన పేరున రాయించుకున్నాడు. నల్లవాడైనా పత్రం తీసుకుని వెళ్తే ఆఫీసు వెళ్లగొట్టలేదు.

అమ్మాయి: ఆ కథ సగంలో ఆపేశారు. అతను 1670లో మేరీలాండులో పోయాడు. అదే ఏడు వర్జీనియాలో జ్యూరీ కూర్చుని ఏం తేల్చింది? అతను నీగ్రో గనుక పరదేశి, పరదేశి గనుక అతని భూమి రాజుకు చెందాలని తేల్చింది. కొడుక్కి రాసిచ్చిన 50 ఎకరాలకు కూడా ఆ తీర్పే. పట్టా చెల్లదని ఎవరూ అనలేదు. పట్టాదారే చెల్లడన్నారు.

బాబాయి: అన్యాయమే. ఆ జ్యూరీని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ అన్యాయం 350 ఏళ్ల తర్వాత నీకు తెలిసిందంటే ఎవడో గుమాస్తా పుస్తకంలో రాశాడు గనుకే. నా బతుకంతా ఆ పుస్తకాల మధ్య గడిచింది కాబట్టి చెబుతున్నాను. మసాచుసెట్స్‌లో 1640లోనే చట్టం చేశారు: పొలం అమ్మినా తనఖా పెట్టినా రికార్డులో ఎక్కించాలి, ఎక్కించకపోతే మూడోవాడి మీద చెల్లదు. ఇంగ్లండులో ఆ మాదిరి రిజిస్టర్లు 18వ శతాబ్దం మొదట్లోగానీ రాలేదు, అదీ యార్క్‌షైర్, మిడిల్‌సెక్స్ లాంటి ఒకటి రెండు చోట్లే. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మడం మన దగ్గర ఇప్పటికీ ఎంతమందిని రోడ్డున పడేస్తోందో నీకు తెలియదు. కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు పెట్టి సెంటు భూమి కొని, ఈసీ తీయించుకున్న రోజున అది ముందే ఇంకొకడి పేరున ఉందని తెలిసి కూలబడినవాళ్లను నా బల్ల ముందు చూశాను. ఆ పుస్తకం విలువ నీకు చిన్నదిగా కనిపించకూడదు.

అమ్మాయి: చిన్నది కాదు. దాన్ని చదివే కదా నేను బతుకుతున్నాను.

బాబాయి: కొలత మాట కూడా చెప్పనీ. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితం మాస్టారు 1620లో ఒక గొలుసు తయారుచేశాడు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. అదే గొలుసు పట్టుకుని అమెరికా అడవులన్నీ కొలిచారు, అదే గొలుసు మన పొలాల్లోకీ వచ్చింది. ఒక చదరపు గొలుసంటే మన ఆంధ్రా లెక్కలో 10 సెంట్లు, తెలంగాణ లెక్కలో 4 గుంటలు. గుంట అంటే 33 అడుగుల చదరం, అంటే ఒక్కో భుజం సగం గొలుసు. జార్జి వాషింగ్టన్ 17 ఏళ్లకే, 1749లో, కల్పెపర్ కౌంటీకి సర్వేయరయ్యాడు. ఆ ఫీజుల డబ్బుతో 18 ఏళ్లకే బుల్‌స్కిన్ వాగు పక్కన పొలం కొన్నాడు. అప్పటి హద్దులు చదివితే నాకు మన పాత దస్తావేజుల చెక్కుబందీలే గుర్తొస్తాయి. ఫలానా వాగు ఒడ్డున గుర్తు గీసిన తెల్ల ఓక్ చెట్టు నుంచి ఫలానా దిక్కుగా ఇన్ని పోళ్ల దూరం, అక్కణ్ణుంచి ఫలానావాడి గట్టు దాకా. చెట్టు పడిపోతే తగాదా. అయినా చెట్టునైనా సాక్షిగా పెట్టుకుని ఇది నాది, అది నీది అని రాసుకున్నారు. కత్తులు దూసుకోవడం కన్నా అది మేలు కాదా?

అమ్మాయి: గుర్తు గీసిన ఆ చెట్టు కింద అంతకుముందు ఎవరున్నారో చెక్కుబందీలో ఉండదు. అదే నా బాధ.

బాబాయి: వాళ్ల దగ్గరా కొన్నారుగా! ఊరికే లాక్కున్నారంటే ఒప్పుకోను. స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రం సంగతి చూడు. 1636లో విలియం పింఛన్ కనెక్టికట్ నది పక్కన అగావాం అనే ఆదివాసుల దగ్గర భూమి కొన్నాడు. ఏమిచ్చాడో వరసగా రాసి ఉంది: 18 బారల గవ్వపూసల దండలు, 18 కోట్లు, 18 గొడ్డళ్లు, 18 పారలు, 18 కత్తులు. అమ్మినవాళ్ల గుర్తులున్నాయి. ఇంకేం కావాలి?

అమ్మాయి: అమ్మినవాళ్లు ఏం అట్టేపెట్టుకున్నారో అదీ ఆ పత్రంలోనే ఉంది, అది చదవరేం? తాము దున్నుకుంటున్న చెలకలు తమవే. చేపలు పట్టుకోవడం తమదే, జింకల వేట తమదే. అడవిలో దొరికే దుంపలు, అక్రోట్లు, ఓక్ గింజలు ఏరుకోవడం తమదే. తెల్లవాళ్ల పశువులు తమ మొక్కజొన్న మేస్తే నష్టం కట్టాలి. ఇవన్నీ తీసేస్తే పింఛన్‌కు మిగిలిందేమిటి? పక్కన ఉండి సాగు చేసుకునే అనుమతి. అగావాం పెద్దలకు భూమి అంటే అక్కడ చేసుకునే పనులు. ఈ వాగులో ఈ కాలంలో ఈ ఇంటివాళ్లు చేపలు పట్టాలి, ఆ కొండవార ఆ కాలంలో వాళ్లు వేటాడాలి. ఆ పనుల్లో కొన్నిటిని కొత్తగా వచ్చినవాళ్లతో పంచుకుంటున్నామనుకున్నారు. అమ్మినవాళ్లు పత్రంలో రాయించిన షరతులు కొన్నేళ్లకే పనికిరాకుండా పోయాయి. కంచె లేని పొలంలోకి ఆవులు, పందులు దిగితే పంటంతా పోతుంది. నష్టం కట్టమని అడగాలంటే ఇంగ్లీషువాళ్ల కోర్టుకే వెళ్లాలి. పైగా కంచె వేసుకోనిది మీ తప్పని వాళ్లకే చీవాట్లు. బోస్టన్‌లో గవర్నరుగా ఉన్న జాన్ వింత్రాప్ అప్పటికే ఒక వాదం తయారుచేసి పెట్టాడు: వీళ్లు కంచెలు కట్టలేదు, పశువుల్ని పెంచలేదు, కాబట్టి దున్నిన చెక్క తప్ప మిగతా నేలంతా ఎవరిదీ కాదు. రోజర్ విలియమ్స్ ఒక్కడు ఎదురు తిరిగాడు, ఇక్కడి జనాన్ని అడక్కుండా ఇంగ్లండు రాజు ఈ భూమిని ఎలా రాసిస్తాడని. ఆయన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టడానికి పెట్టిన నేరాల్లో ఆ మాట కూడా ఉంది.

బాబాయి: ఆ విలియమ్సే తర్వాత నరగాన్‌సెట్ పెద్దల దగ్గర ప్రావిడెన్స్ భూమి తీసుకుని పత్రం రాయించుకున్నాడు కదమ్మా. అంటే కొనడం తప్పని ఆయనా అనలేదు. అడిగి కొనాలన్నాడు. నేనన్నదీ అదే. సరైన క్రయం, సరైన పత్రం. దొంగ క్రయాలు జరిగితే తప్పు దొంగది గానీ క్రయానిది కాదు.

అమ్మాయి: అయితే మీ వృత్తి లెక్కలోనే ఒక క్రయాన్ని చూద్దాం. నేనుండే లోయ చేతులు మారిన కథే. విలియం పెన్ మంచిగా కొన్నాడనే పేరుంది, చాలావరకు నిజమే. ఆయన పోయాక ఆస్తి కొడుకులకు వచ్చింది, అప్పులూ వచ్చాయి. థామస్ పెన్ చేతికి డబ్బు కావాలి. అక్కడి ఆదివాసులైన లెనాపెలు ఇంకా అమ్మని భూమిలో ముందే ముక్కలు కోసి పెద్దమనుషులకు అమ్మేశారు. అంటే ముందు అమ్మకం, తర్వాత కొనుగోలు. అప్పుడు 1686 నాటిదంటూ ఒక కాగితం బయటికి తీశారు. మనిషి ఒకటిన్నర రోజులో నడవగలిగినంత దూరం భూమిని పాత పెద్దలు అమ్మారని అందులో ఉందట.

బాబాయి: అసలు దస్తావేజు చూపించారా?

అమ్మాయి: లేదు. నకలు. అసలు ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

బాబాయి: నకలు పెట్టుకుని భూమి అడిగితే మా ఆఫీసులో అటెండరు కూడా కూర్చోమనడు.

అమ్మాయి: ఇంకా వినండి. లెనాపె పెద్దలకు ఒక పటం చూపించారు. అందులో లీహై నదిని గీసిన తీరు చూస్తే వాళ్లకు దానికి చాలా దక్షిణాన ఉన్న టోహికన్ వాగులా కనిపించింది. అంతవరకేననుకుని 1737 ఆగస్టులో నలుగురు పెద్దలు, లపావిన్సో, న్యూటిమస్, మరో ఇద్దరు, పాత కాగితం నిజమేనని ఒప్పుకుంటూ గుర్తులు పెట్టారు. సెప్టెంబరు 19న నడక. పెన్ మనుషులు ముందే బాట నరికించి పెట్టారు. ముగ్గురు బలమైన కుర్రాళ్లను కుదిర్చారు. వాళ్లు నడవలేదు, పరుగు లాంటి నడక సాగించారు. వెంట వచ్చిన లెనాపెలు ఇది నడక కాదని మధ్యలోనే తిరిగిపోయారు. ముగ్గురిలో ఇద్దరు పడిపోయారు. ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడు మర్నాడు మధ్యాహ్నానికి 65 మైళ్ల దాకా వెళ్లాడు. దాంతోనూ ఆగలేదు. అతను ఆగిన చోటినుంచి డెలావేర్ నదికి గీత గీయాలి కదా. దగ్గర దారిన గీయకుండా ఈశాన్యంగా, లంబకోణంలో గీశారు. మొత్తం దాదాపు 12 లక్షల ఎకరాలు.

బాబాయి: దగా. ఇంత పచ్చిగా చేశారని నాకు తెలియదు.

అమ్మాయి: దగా అని మీరంటున్నారు. అప్పుడు ఎవరి దగ్గర అనాలి బాబాయ్? లపావిన్సో వెంటనే మొర పెట్టుకున్నాడు, నడవమంటే పరిగెత్తారు, నది వెంట వెళ్లాల్సింది అడ్డంగా అడవిలో పడి పోయారని. ఎవరికి చెప్పుకోవాలి? కొన్నవాళ్ల గవర్నరుకే, కొన్నవాళ్ల కార్యదర్శికే. ఖాళీ చేయమంటే కదల్లేదు. అప్పుడు పెన్ మనుషులు ఉత్తరాన ఉన్న ఇరొక్వాయి కూటమి పెద్దలను పిలిపించి కానుకలిచ్చారు. 1742లో ఫిలడెల్ఫియాలో కెనసటీగో అనే నాయకుడు అందరి ముందు లెనాపెలను తిట్టి, భూమి అమ్మే హక్కే మీకు లేదు, లేచి వెళ్లండన్నాడు. చూడండి ఆ మాట. అమ్మినట్టు కాగితం పుట్టించేటప్పుడు వాళ్లకు అమ్మే హక్కుంది. మొర పెట్టుకునేటప్పుడు లేదు.

బాబాయి: (కాసేపు ఆలోచించి) నాకొకటి గుచ్చుకుంటోందమ్మా, అది చెప్పాలి. ఆ 1686 నకలు నా బల్ల మీదికి వస్తే తోసేసేవాణ్ణి. కానీ 1737 ఆగస్టు పత్రం? నలుగురు మనుషులు ఎదురుగా నిలబడి గుర్తులు పెట్టారు. సాక్షులున్నారు. మా చట్టంలో సబ్‌రిజిస్ట్రారు చూసేది రాసిచ్చినవాడు వీడేనా, ఒప్పుకుని రాసిచ్చాడా అన్నదే. ఆ భూమి నిజంగా వాడిదేనా అన్నది మా పని కాదు. మేం రిజిస్టరు చేసేది పత్రాన్ని. హక్కును కాదు. ఆ పత్రాన్ని నేను రిజిస్టరు చేసేవాణ్ణే.

అమ్మాయి: నేను చెప్పాలనుకున్నది అంతే. పుస్తకం అబద్ధమాడదు, కానీ పుస్తకంలోకి ఎక్కింది నిజమని కూడా కాదు. ఎవరి పుస్తకం, ఎవరి భాష, తగాదా వస్తే ఎవరి కోర్టు అన్నది ముందే తేలిపోయాక మిగిలిన క్రయం ఎంత పద్ధతిగా జరిగితే ఏం?

బాబాయి: ఉండు. ఇంత తొందరగా గెలిచానని సంబరపడకు. అమ్మకమే వద్దన్న రాజ్యం ఒకటుంది కదా ఆ కాలంలోనే. జార్జియా! దాని సంగతి చెప్పవేం? 1732లో రాజు చార్టరు ఇచ్చాడు. ఓగల్‌థార్ప్, ఆయనతోటి ట్రస్టీలు లండన్లో కూర్చుని మంచి మనసుతోనే నియమాలు రాశారు. పేదవాళ్లను తెచ్చి తలో 50 ఎకరాలివ్వాలి. ఎవరికీ 500 ఎకరాలు దాటకూడదు. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, కొడుక్కే దక్కాలి. బానిసలు వద్దు. నీకు నచ్చే రాజ్యం. ఏమైంది? కొడుకులు లేనివాడు చస్తే పొలం ట్రస్టుకు వెనక్కి పోవాలి. భర్తతో కలిసి మోడులు పెరికిన ఆడమనిషి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఆ పొలం వాళ్లది కాదట! ఇసుక నేల వచ్చినవాడు ఇంకో చోటికి పోదామంటే అమ్మడానికి లేదు. విత్తనాలకు అప్పు అడిగితే తాకట్టుకు ఏముంది నీ దగ్గరని వ్యాపారి మొహం తిప్పుకున్నాడు. జనం పక్కనే ఉన్న సౌత్ కరొలైనాకు పారిపోయారు. అమ్ముకునే హక్కు లేని పట్టా రైతును కట్టేస్తుందే గానీ కాపాడదు. మన దగ్గరా ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములున్న పేదవాళ్లు పిల్ల చదువుకో ఆపరేషనుకో డబ్బు పుట్టక ఎంత తిప్పలు పడ్డారో నేను చూశాను.

అమ్మాయి: ఆడపిల్లల విషయంలో మీరన్నదే సరి. ట్రస్టీలు కూడా 1739లో ఆ నియమాన్ని సడలించాల్సి వచ్చింది. దాన్ని నేను సమర్థించను. కానీ 1738 డిసెంబరులో సవానా వాళ్లు పెట్టిన అర్జీలో ఏం అడిగారో మొత్తం చెప్పండి.

బాబాయి: భూమి మీద పూర్తి హక్కు అడిగారు.

అమ్మాయి: రెండోది?

బాబాయి: బానిసల్ని పెట్టుకోనివ్వమన్నారు.

అమ్మాయి: రెండూ ఒకే అర్జీలో, ఒకే ఊపిరిలో. అది యాదృచ్ఛికం కాదు. భూమిని తాకట్టు పెట్టి అప్పు తేవాలి, ఆ అప్పుతో మనుషుల్ని కొనాలి, వాళ్లతో వరి పండించి ఇంకా భూమి కొనాలి. పక్కన కరొలైనా అలాగే ధనమైపోయిందని వాళ్ల కళ్లు అటే ఉన్నాయి. 1739 జనవరిలో డేరియన్‌లోని స్కాట్లండు కొండవాళ్లు ఎదురు అర్జీ పెట్టారు, బానిసత్వం వద్దే వద్దని. ఎబినీజర్‌లోని సాల్జ్‌బర్గ్ వాళ్లు కూడా అదే మాట. వాళ్లూ ఆ ఇసుక నేలలోనే ఉన్నారు, చేతులతోనే పండించుకున్నారు. ఎవరు గెలిచారు? 1750కల్లా భూమి మీద పూర్తి హక్కూ వచ్చింది, 1751 జనవరి నుంచి బానిసత్వమూ చట్టబద్ధమైంది. 1775 నాటికి జార్జియా జనాభాలో దాదాపు సగం బానిసలు.

బాబాయి: ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన ఇదే దానికి కారణమంటే ఎలా? పెన్సిల్వేనియాలో, న్యూ ఇంగ్లండులో అమ్మే హక్కు ఉంది. అక్కడ రైతులు ఎక్కువమంది సొంత చేతులతోనే సాగు చేశారు.

అమ్మాయి: అది నిజం, ఒప్పుకుంటాను. అయితే అక్కడా ఇంకో సంగతుంది. జార్జియాకు చార్టరిచ్చిన 1732లోనే లండన్ పార్లమెంటు మరో చట్టం చేసింది, వలసల్లో అప్పుల వసూలు చట్టం. ఇంగ్లండులో మామూలు బాకీకి భూమిని అమ్మించడం అప్పిచ్చినవాడికి సులువు కాదు. ప్రభువుల భూములకు అంత రక్ష. అమెరికాలో మాత్రం ఇల్లు, పొలం, బానిస, అన్నీ బాకీ కింద జప్తు చేసి వేలం వేయొచ్చన్నారు. లండన్ వర్తకులు అడిగి చేయించుకున్న చట్టం అది. మీరు అమ్ముకునే హక్కు అంటున్నారు. అమ్మించే హక్కు కూడా దాంతోపాటే వచ్చింది. పొగాకు ధర పడితే, ఒక వర్షం తప్పితే, పొలం వేలానికి.

బాబాయి: వేలం భయం ఉంటేనే అప్పు పుడుతుంది. అప్పు పుడితేనే కొత్తవాడు నాగలి, ఎద్దులు కొంటాడు. ఆ చట్టం లేకపోతే డబ్బున్నవాడు తప్ప ఎవడూ సాగు మొదలుపెట్టలేడు.

అమ్మాయి: తొలిసారి పుట్టిన అప్పుకు అది నిజం. మూడోసారి పుట్టిన అప్పు సంగతి గుంటూరు మిర్చి రైతును అడగండి. ఆ వేలం మన నేల మీదికీ వచ్చింది. అమెరికాలో యార్క్‌టౌన్ యుద్ధంలో ఓడి వెళ్లిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిసే 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు, 1802లో అది మన ఉత్తర సర్కారులకు పాకింది. కిస్తు బాకీ పడితే జమీనే వేలం.

బాబాయి: జమీందార్లను గురించి నేను కన్నీళ్లు పెట్టుకోను.

అమ్మాయి: పెట్టుకోవద్దు. బాకీ కింద భూమి పోయే పద్ధతి జమీందారుతో ఆగలేదని మాత్రమే అంటున్నాను. 1773లో జార్జియాలోని అగస్టాలో క్రీక్, చెరకీ తెగల జనం 20 లక్షల ఎకరాలకు పైగా వదులుకున్నారు. ఎందుకు? జింక తోళ్ల వ్యాపారులకు బాకీ పడ్డారు గనుక. అరువుకు సరుకిచ్చి, ఖాతా పెంచి, చివరికి భూమి తీసుకోవడం. అది యుద్ధం కాదు, మీరు మెచ్చుకునే పద్ధతైన లావాదేవీయే.

బాబాయి: అందుకే రాజు 1763లో ప్రకటన చేశాడు కదా, అమెరికా ఇండియన్ల దగ్గర ఎవడూ ప్రైవేటుగా భూమి కొనకూడదు, అపలాచియన్ కొండలు దాటి పోకూడదని. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం ఉన్నట్టే. నేను దాన్ని మెచ్చుకుంటాను. సంత ఎక్కడ ఆగాలో చెప్పే చట్టం ఉండాలంటాను. దాన్ని తుంగలో తొక్కినవాళ్లలో మీ వాషింగ్టన్ ఒకడు. 1767లో తన సర్వేయరు మిత్రుడు విలియం క్రాఫర్డ్‌కు ఉత్తరం రాశాడు, వేటకు వెళ్లినట్టు వెళ్లి గుట్టుగా మంచి భూములు చూసి పెట్టమని.

అమ్మాయి: 1763కూ 1/70కీ పెద్ద తేడా ఉంది బాబాయ్. 1763లో ప్రైవేటువాడు కొనకూడదన్నారు, రాజు కొనొచ్చు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర చెప్పేదీ వాడే. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్, మెకింటాష్ కేసులో అదే సూత్రాన్ని స్థిరం చేసింది. ఇండియన్లకు ఉండే హక్కుంది గానీ, నచ్చినవాడికి అమ్మే పూర్తి హక్కు లేదంది.

బాబాయి: 1/70లో ఇంకో సంగతి ఉంది, చాలామందికి తెలియదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఆ చట్టానికి దణ్ణం పెడతాను. బినామీలు లేవా అంటే ఉన్నాయి. అయినా మొర పెట్టుకున్నవాడి మీద రుజువు బరువు పెట్టలేదు.

అమ్మాయి: లెనాపెల మీద పెట్టారు. 1756లో ఈస్టన్ సభలో టీడియస్కంగ్ అనే నాయకుడు, నా కాళ్ల కింది నేలే నా దగ్గర మోసంతో తీసుకున్నారని గవర్నరు ముందే అన్నాడు. విచారణలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి భూమి మాత్రం తిరిగి రాలేదు.

బాబాయి: సరే, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఇల్లు నాజరెత్‌లో. అంటే ఆ 12 లక్షల ఎకరాల్లోదే కదా?

అమ్మాయి: అందులోదే. చేతులు మారిన వరస నాకు కంఠతా వచ్చు. పెన్‌ల నుంచి విలియం అలెన్ అనే ఫిలడెల్ఫియా ధనవంతుడికి. అతని దగ్గర 1740లో జార్జి వైట్‌ఫీల్డ్ అనే మత బోధకుడు 5,000 ఎకరాలు కొన్నాడు, నల్ల పిల్లలకు బడి కట్టాలని. డబ్బు చాలక మరుసటి ఏడు, అంటే 1741లో, మొరేవియన్ సంఘానికి అమ్మేశాడు. అక్కడే ఊరుండి కదలబోమన్న లెనాపెలను పంపేసి వాళ్లు నాజరెత్ కట్టుకున్నారు. ఆ వైట్‌ఫీల్డే జార్జియాలో అనాథ శరణాలయం నడపడానికి కరొలైనాలో తోట కొని బానిసల్ని పెట్టాడు, బానిసత్వాన్ని అనుమతించమని ట్రస్టీలకు ఉత్తరాలు రాశాడు. ఒక్క మనిషి జీవితంలో మనం మాట్లాడుకున్న రెండు రాజ్యాలూ కలిశాయి.

బాబాయి: మరి ఖాళీ చేస్తావా?

అమ్మాయి: చేయను. నేను ఖాళీ చేస్తే ఇల్లు లెనాపెలకు పోదు, అప్పిచ్చిన బ్యాంకుకు పోతుంది. వాళ్ల వంశంవాళ్లు ఇప్పుడు ఓక్లహోమాలో, విస్కాన్సిన్‌లో, కెనడాలో ఉన్నారు. ఈ జవాబు నాకు తృప్తినివ్వదు, అయినా ఇదే నా జవాబు. ఇది నాకు న్యాయంగా వచ్చిందని మాత్రం అనలేను, పిల్లలకు అలా చెప్పలేను.

బాబాయి: వాళ్లు కోర్టుకు పోలేదా?

అమ్మాయి: 2004లో పోయారు. ఇక్కడికి దగ్గరే, సుమారు 315 ఎకరాల కోసం. మోసం జరిగిందనే అనుకుందాం, అయినా ఆనాటి ప్రభుత్వ అధికారం ఉన్నవాడు తీసుకున్నాడు గనుక హక్కు చెల్లిపోయిందని కోర్టులు తేల్చాయి. 2006లో అప్పీలూ పోయింది.

బాబాయి: మోసమైనా సరేనా? అది తీర్పేనా? సరే, అన్ని లక్షల ఎకరాలుండగా ఆ 315 ఎకరాలే ఎందుకు అడిగారు?

అమ్మాయి: అది టటామీ పొలం. మోజెస్ టటామీ లెనాపె మనిషి, దుబాసీగా పనిచేశాడు. తనవాళ్లందర్నీ వెళ్లగొడుతున్న రోజుల్లో అతను పెన్‌ల దగ్గరే తన పొలానికి పట్టా తీసుకున్నాడు.

బాబాయి: చూశావా మరి! పట్టా ఉన్నవాడు నిలబడ్డాడు. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే. అందరికీ ఆ పట్టా ఇచ్చి ఉంటే కథే వేరు.

అమ్మాయి: తన తాతల నేలను, మోసంతో తీసుకున్నవాళ్ల దగ్గరే పట్టా అడిగి తీసుకోవాల్సి వచ్చింది బాబాయ్. అది నిలబడటమా?

బాబాయి: అవమానమే. అయినా కాగితం కాగితమే. మరి పట్టా ఉన్న భూమి ఇప్పుడు వాళ్ల చేతిలో లేదంటే ఎలా పోయింది? అతనే అమ్మాడా, కొడుకులు అమ్మారా, బాకీకి పోయిందా? లింకు డాక్యుమెంట్లు చూడకుండా నువ్వూ నేనూ వాదించుకుంటే ఏం తేలుతుంది?

అమ్మాయి: ఈ కౌంటీ 1752లో ఏర్పడింది. పుస్తకాలు ఈస్టన్‌లో ఉంటాయి, అంతకుముందువి బక్స్ కౌంటీలో. సోమవారం నాకు క్లాసులు లేవు.

బాబాయి: అయితే సోమవారం పొద్దున్నే బయల్దేరదాం. నకళ్లకు ఎంతయితే అంత, నేను కడతాను. నువ్వు ఇంగ్లీషు చేతిరాత చదువు, హద్దులు నేను చూస్తాను.